పదిహేడో నంబరు ఇల్లు

కిందటి వారం మనం సుజాతను రేఖ ఇంటి మేడ మీద వదిలి వచ్చాం. చేతిలో కొలిచే టేపు, ముఖంలో సర్కారు వారి గాంభీర్యం, కడుపులో మాత్రం మంట. పెద్దరేవు పంచాయతీలో మూడేళ్ళుగా కంప్యూటర్ ఆపరేటరు పని చేస్తున్న సుజాత, ఇంటి పన్ను, ఊరి మాటలో ఇంటి పట్టి, కొత్త లెక్కల కోసమని సర్వే వాళ్ళతో తిరిగి ఊళ్ళో ఇళ్ళన్నీ పైపైన కొలిచి, ఎదురింటి రేఖ ఇంటిని మాత్రం మనసు పెట్టి కొలిచింది. మేడ మీది గది, టైల్స్ వేసిన స్నానాల గది, మెట్ల కింద బియ్యం బస్తాలు పెట్టుకునే మూల, ఒక్క అంగుళం వదల్లేదు. కింది నుంచి రేఖ "చాయ్ పెట్టిన, తాగి పో అక్కా" అంటే, "డ్యూటీల ఉన్న" అని మెట్లు దిగి వచ్చేసింది. ఆ కొలతలు పండి చేతికొచ్చిన రోజు ఇది.

అభ్యంతరాలకు, ఇక్కడి మాటలో హరకతులకు, ఆఖరు రోజు కూడా ఇదే. వారం రోజులు గడువని గోడ మీద కాగితమైతే అంటించారు గాని, అసలు జాబితా తాలూకా ఆఫీసున్న సిరొంచకు ప్రింటుకు పోయి, అక్కడ మిషన్ చెడిపోయి ఆరు రోజులు అక్కడే కూర్చుంది. ఏడో రోజు పొద్దున బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపారు. సాయంత్రం ఐదింటికి గ్రామసేవక్, అంటే పంచాయతీ కార్యదర్శి, ఉమేష్ దాని మీద సంతకం పెట్టి ముద్ర వేస్తే, ఇక నాలుగేళ్ళ దాకా దాన్ని బ్రహ్మదేవుడు కూడా దిద్దలేడు. పెద్దరేవులో ఇళ్ళకు పట్టాలు, రిజిస్ట్రీలు ఎవరికీ లేవు. ఇల్లు ఎవరిదంటే పంచాయతీలో పన్ను రిజిస్టరు తీసి చూపించాలి. అందులో పేరున్నవాడిదే ఇల్లు.

సుజాత పొద్దుటి నుంచి ఒక పని దాచుకుంది. రెండో వార్డు కాగితంలో రేఖ ఇంటి మీద ఎంత పడిందో చూడాలి. కానీ గుంపులో, హడావుడిలో చూస్తే ఏం రుచి? అన్నం తిన్నాక తీరిగ్గా చూద్దామని ఆ కాగితాన్ని మడిచి టిఫిన్ డబ్బా కింద పెట్టుకుంది.

మొదట వచ్చింది లింగక్క. కిరాణం కొట్టు గల మనిషి, గొంతు కూడా కొట్టు షట్టరు లాంటిదే.

"నా ఇంటికి గింత పట్టి ఎందుకు పడ్డదే సుజా? నేనేమన్న బంగ్లా కట్టిన్నా?"

"ముందల రేకుల పందిరి ఏసినవ్ గద అత్తా. అది లెక్కల వచ్చింది."

"నా పందిరి కనబడ్డది. మరి శంకరన్న ఇంటెనక అర్ర కట్టిండు, ఫ్యాను గూడ పెట్టిండు. అది కనబళ్ళేదా మీ కండ్లకు?"

సుజాత రాసుకుంది. అరగంటకు శంకరన్న వచ్చాడు. తన అర్ర సంగతి ఎవరు చెప్పారో అడగలేదు, తెలుసు. లింగక్క కొట్టును ఇల్లని రాశారనీ, కొట్టుకు వేసే పట్టి వేరనీ, చట్టం తెలిసిన వాడిలా చెప్పి, పోతూ పోతూ ఆగమ్మ గోడౌను గురించి కూడా ఒక మాట వేసి పోయాడు. మిర్చి సీజనులో అందులో నూరు బస్తాలు ఉంటాయట. సర్వే వాళ్ళు అది ఎడ్ల కొట్టం అనుకున్నారట.

ఇక ఆగమ్మ వచ్చింది. గోడౌను సంగతి మాట్లాడుతుందేమో అనుకుంటే, ఆమె బాధ వేరు.

"లింగక్కకు నా కంటె ఎక్కువ పడ్డదంట గద. నా ఇంట్ల బండలు పరిసిన, కిటికీలకు అద్దాలు పెట్టిన. అవి రాయకపోతే లింగక్క ఇల్లే నా ఇంటి కంటె మంచిదని సర్కారే చెప్పినట్టయె. నాకు పెంచున్రి."

లోపల గదిలో ఫోనుకు సిగ్నలు వెతుక్కుంటున్న ఉమేష్ ఈ మాట విని బయటికి వచ్చాడు. ఏటపల్లి దగ్గరి పిల్లవాడు, ఇంట్లో గోండీ, ఆఫీసులో మరాఠీ, ఈ ఊరికొచ్చి రెండేళ్ళలో తెలుగు నేర్చుకున్నాడు.

"చూసిన్రా సుజాతా తాయి," అన్నాడు నవ్వుతూ. అక్కా అనడానికి అతనికి మరాఠీ మాటే నోటికొస్తుంది. "మనం రెండు నెలలు తిరిగినం. గిన్ని అర్రలు దొరికినయా? పన్ను రేటు పెంచుమని పైనోళ్ళు అంటరు. రేటు పెంచితే లిస్టుల ఉన్నోళ్ళ మీదనే బరువు. లిస్టుల లేని ఇల్లు, దుకాన్, గోడౌన్ లిస్టులకు వస్తే రేటు పెంచే పనే లేదు, అందరి మీద పల్సగ పడ్తది. పంచాయతికి అదే పాయా. పునాది. ఎంత ఎడల్పుంటే ఊరు అంత గట్టిగ నిలబడ్తది."

"పునాది మంచిదే సార్," అంది సుజాత. "కాని ఇటుకలన్ని ఒకల మీద ఒకలు ఏసుకున్న రాళ్ళే."

మధ్యాహ్నానికి ముప్పై ఒక్క గదులు, ఏడు కొట్లు, ఒక గోడౌను లెక్కలోకి వచ్చాయి. ఏ యంత్రానికీ, ఏ మొబైల్ యాప్‌కూ దొరకని గోడలు పక్కింటివాళ్ళ కళ్ళకు దొరికాయి. సుజాత మనసులో తెగ నవ్వుకుంది. ఏం మనుషులమ్మా, ఒకరి కూడు చూసి ఇంకొకరు కళ్ళల్లో నిప్పులు పోసుకునే బుద్ధి ఎప్పుడు పోతుందో వీళ్ళకు, అనుకుంది. అలా అనుకుంటూనే టిఫిన్ డబ్బా కింది కాగితం తీసింది. ఇలాంటి సమయంలో మనిషికి అద్దం ఇచ్చినా చూసుకోదు.

రేఖ ఇల్లు ఆమె తండ్రి సాంబన్న పేరు మీదే ఉండాలి. వేలు జరుపుకుంటూ వెతికింది. దొరికింది. పదిహేడో నంబరు, సాంబన్న. పెంకుల కప్పు, మట్టి గోడలు, మూడు గదులు. పన్ను ఏడు వందల చిల్లర.

పెంకులా? మట్టి గోడలా? మరి తాను ఎండలో మేడ ఎక్కి రాసిన స్లాబు ఏమైంది? టైల్స్ ఏమయ్యాయి? ప్రింటులో తప్పు పడిందని కోపంతో కిందికి చూసింది. స్లాబు ఇల్లు ఉంది. యాభై ఎనిమిదో నంబరు. మేడ మీది గది, స్నానాల గది, మెట్ల కింది మూలతో సహా ఉంది. వార్డులో అందరికంటే ఎక్కువ పన్ను దానికే పడింది. పేరు దగ్గర ఆదయ్య అని ఉంది.

ఆదయ్య సుజాత తండ్రి. పోయి తొమ్మిదేళ్ళయింది.

తాను మనసు పెట్టి పెంచిన పన్ను అంతా తన తండ్రి నెత్తిన, అంటే తన నెత్తినే పడింది. ఎవరు తీసిన గోతిలో వారు పడతారని లింగక్క లాంటి వాళ్ళ గురించి తానే ఎన్నిసార్లు అందో. టిఫిన్ డబ్బాకు మూత పెట్టేసింది.

నీళ్ళు తాగి, బీరువాలోంచి గుడ్డ అట్ట వేసిన పాత రిజిస్టరు తీసింది. అందులో ఒక్కో ఇంటికి నాలుగు హద్దులు రాసి ఉంటాయి. పదిహేడో నంబరు: తూర్పున గల్లీ, ఉత్తరాన చేదబావి. చేదబావి పక్కన ఉన్నది సుజాత ఇల్లు. తాత కట్టిన పెంకుటిల్లు. పేరు మాత్రం సాంబన్న. యాభై ఎనిమిది: పడమట గల్లీ, దక్షిణాన చింతచెట్టు. అది రేఖ వాళ్ళది. పేరు ఆదయ్య. సుజాత రాసిచ్చిన కొలతలను ఈసారి సర్వే వాళ్ళు పేర్లను నమ్ముకోకుండా హద్దులను చూసి ఎక్కించారు. కంప్యూటరు ఆ హద్దులకు పాత పేర్లు తెచ్చి తగిలించింది. ఇన్నేళ్ళూ రెండూ మట్టి ఇళ్ళే, పట్టి కూడా దాదాపు ఒకటే. రసీదు మీద ఎవరి పేరు వాళ్ళు చూసుకున్నారు గాని నంబరు ఎవరు చూశారు? రేఖ స్లాబు వేసింది కూడా రెండేళ్ళ కిందటే.

ఇలా ఎందుకు జరిగిందో సుజాతకు మెల్లగా గుర్తుకొచ్చింది. తనకు నాలుగేళ్ళప్పుడు నాయనమ్మ చెడ్డ నక్షత్రంలో పోయింది. అలా పోతే ఆరు నెలలు ఆ ఇంట్లో ఎవరూ ఉండకూడదు. గుమ్మానికి ముళ్ళకంప కట్టి అందరూ ఎదురుగా సాంబన్న గుడిసెలోకి పోయారు. ఒకే పొయ్యి, రెండు కుటుంబాలు. తానూ రేఖా ఒకే గొంగడిలో పడుకునేవాళ్ళు. ఆ ఆరు నెలల్లోనే ఎవరో రాసేవాడు వచ్చి ఉంటాడు. ఎవరు ఏ గడపలో నిలబడితే వాళ్ళ పేరు ఆ గడపకు రాసి పోయి ఉంటాడు.

తప్పు రాశాడు. సరే, దిద్దాలి. ఒక కాగితం మీద నాలుగు మాటలు రాసి సాయంత్రంలోగా ఉమేష్‌కు ఇస్తే అయిపోతుంది.

సుజాత ఆ కాగితం తీయలేదు.

రోజూ పొద్దున ముగ్గు వేస్తూ తల ఎత్తితే కనిపించే ఇల్లు అది. స్టీలు రెయిలింగు, గులాబీ రంగు గోడలు, మేడ మీద ఆరేసిన తెల్ల కోట్లు. ఆ కోట్లంటే సుజాతకు మంట. ఇంటరు ఇద్దరూ కలిసే పాసయ్యారు, మార్కులు తనకే ఎక్కువ. నర్సు ట్రైనింగుకు ఇద్దరూ ఒకే రోజు దరఖాస్తు పెట్టారు. రేఖకు సీటు వచ్చింది. సుజాత కాగితాలు తిరిగొచ్చాయి. పాత పట్టి రసీదు లేదనీ, ఈ ఊళ్ళో ఎప్పటి నుంచి ఉన్నారో రుజువు చాలదనీ ఎర్ర సిరాతో రాసి పంపారు. ఏడు తరాల నుంచి ఇక్కడే ఉన్నవాళ్ళకు రుజువు చాలలేదు, వరదలో గోదావరి దాటి వచ్చిన సాంబన్న కుటుంబానికి చాలింది. అదెలాగో ఎవరూ చెప్పలేదు.

అంతటితో ఆగితే బాగుండేది. బాపు ఆదయ్య మంచాన పడ్డప్పుడు రోజూ సూది వేసింది రేఖే. రేఖ స్కూటీ చప్పుడు వినబడితే చాలు, బాపు ముఖం విప్పారేది. "నా డాక్టరమ్మ వచ్చింది" అనేవాడు. మలమూత్రాలు ఎత్తిపోసిన కూతురిని చూసి అలా ఒక్కనాడూ నవ్వలేదు. స్లాబు ఇంటి మీది కుళ్ళునైనా సుజాత ఎవరితోనైనా ఒప్పుకునేది గాని, ఈ కుళ్ళును తనతో తాను కూడా ఒప్పుకోలేదు.

ఇప్పుడు ఏమీ చేయనక్కర్లేదు. ఊరుకుంటే చాలు. ఐదింటికి ముద్ర పడితే ఆ గులాబీ ఇల్లు కాగితం మీద ఆదయ్య కూతురిది. పన్ను ఎంతైనా కట్టుకోవచ్చు.

నాలుగింటికి రేఖ వచ్చింది. ఆరోగ్య ఉపకేంద్రం నుంచి నేరుగా వచ్చినట్టుంది, చేతిలో టీకాల డబ్బా.

"అక్కా, పొద్దున్నుంచి పిల్లలకు సూదులేసుడే అయింది. లిస్టు సూడ వశం కాలే. మా బాపు పేరు సరిగ ఉందా?"

"ఉన్నది," అంది సుజాత.

"పట్టి మస్తు పడ్డదా?"

"పడ్డంత పడ్డది."

"పడనియ్. మొన్న నువ్వు మెట్ల కింద గూడ కొలుస్తుంటే మా ఆయన నవ్విండు, మీ అక్కకు మనమంటే పడదా అని. నేనే అన్న, మా అక్క లెక్కంటే లెక్కే, సొంతోళ్ళని చూసుడు ఉండదు అని." రేఖ డబ్బాను ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకుంది. "హరకత్ ఏమన్న పెట్టాల్నా నేను? సంతకం గింతకం?"

సుజాత కంప్యూటరు వైపు చూస్తూ చెప్పింది. "ఏమద్దు. అంత సరిగనే ఉన్నది. నువ్వు పో."

"నువ్వు చూసినవంటే ఇగ నాకు పరేషాన్ లేదు," అని రేఖ వెళ్ళిపోయింది. తిట్టి పోయినా సుజాతకు అంత మంట పుట్టేది కాదు.

గోడ గడియారం పదిహేను నిమిషాలు తక్కువ ఐదు చూపిస్తున్నప్పుడు గుమ్మంలో కర్ర చప్పుడైంది. సాంబన్న. చూపు సగం పోయిన మనిషి, ఇల్లు కదలడు. గోడ పట్టుకుంటూ వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు.

"బిడ్డా, సుజాతా. రేఖ చెప్పింది, నా పేరు సరిగ ఉన్నదని. ఏ నంబరు మీద ఉన్నది?"

సుజాత జాబితాను బోర్లా పెట్టింది. "నీకెందుకు కాకా నంబరు?"

"చెప్పు బిడ్డా."

"పదిహేడు."

ముసలాయన చొక్కా లోపలి జేబులోంచి ప్లాస్టిక్ సంచి తీశాడు. అందులో పాత రసీదులు, రంగు వెలిసి, మడతల దగ్గర చినిగి ఉన్నాయి.

"అది మీ ఇల్లు. మీ తాత నంబరు."

"తెలుసు కాకా. ఆరు నెలలు మేము మీ ఇంట్ల ఉన్నప్పుడు రాసేటోడు తప్పు రాసిండు."

"తప్పు గాదు," అన్నాడు సాంబన్న. "మేమే రాయించినం."

సుజాత చేతిలోని పెన్ను బల్ల మీద పెట్టింది.

"వరదల అంత పోయి ఈ ఒడ్డుకొచ్చినోన్ని. రేషన్ కార్డు అడిగితే ఏ ఊరోనివి అన్నరు, కూలికి పోతే ఏ ఊరోనివి అన్నరు. ఊరోన్ని అని చెప్పుకునేటందుకు ఒక పాత నంబరు గావాలె. పదిహేడంటే ఊరు పుట్టిన నాటి ఇల్లు. సర్వే మనిషి వచ్చిన దినం మీ బాపు నన్ను దీస్కపోయి, ముళ్ళకంప తీసి, మీ గడపల నిలబెట్టిండు. తను పోయి నా గుడిసెల నిలబడ్డడు. నేనద్దన్న బిడ్డా. ఏమన్నడో తెలుసా? 'నాది ఈ ఊరే అని చెట్టును అడిగినా చెప్తది, నాకు కాగితమెందుకు? నీకే గావాలె' అన్నడు."

బయట ఎవరో బండి స్టార్టు చేసి వెళ్ళిపోయారు. సుజాతకు ఎర్ర సిరా అక్షరాలు కనిపించాయి. పాత పట్టి రసీదు లేదు. రుజువు చాలదు.

"రేఖ నర్సు దరఖాస్తుకు ఏ రసీదు పెట్టిన్రు కాకా?" అని అడిగింది.

"ఇదే. పదిహేడుది." సాంబన్న తల వంచుకున్నాడు. "నీ కాగితాలు తిరిగొచ్చిన దినం మీ బాపు నా దగ్గరికొచ్చి కూసున్నడు. అన్నం తినలే. నీ మొకం సూసుటానికి శరం అయితుందన్నడు. సచ్చేదాక గదే అన్నడు. నీ దిక్కు సూస్తె కండ్లల్ల నీళ్ళొస్తయని అటు మల్లుకొని పండేటోడు."

ఇన్నేళ్ళు బాపు తన వైపు ఎందుకు నవ్వలేదో సుజాతకు ఇప్పుడు తెలిసింది. తెలిస్తే మనసు చల్లబడాలి. చల్లబడలేదు. తన సీటు, తన తెల్ల కోటు, తన బతుకు, అన్నీ ఒక మధ్యాహ్నం ఒక గడపలోంచి ఇంకో గడపలోకి నడిచి పోయాయి. ఇచ్చింది సొంత తండ్రి. ఎదురింటి పిల్ల ఆ కోటు తొడుక్కుని మేడ ఎక్కింది, పైగా అక్కా అని పిలిచి చాయ్ తాగమంటోంది.

సాంబన్న సంచిని బల్ల మీదికి జరిపాడు. "రేఖకు ఈ సంగతి తెల్వదు. నేను పోయేలోపు మీ నంబరు మీకు ఇచ్చి పోవాలె బిడ్డా. హరకత్ కాగితం రాయి. అప్పుడు కావాల్నని మార్పిచ్చినమని ఉన్నదున్నట్టు రాయి. ఏలుముద్ర ఏస్త."

ఉన్నదున్నట్టు. ఆ మాట ఎంత దూరం పోతుందో ముసలాయనకు తెలియదు. మూడేళ్ళుగా ఫైళ్ళు చూస్తున్న సుజాతకు తెలుసు. పదిహేడో నంబరు సాంబన్నది కాదని ఈ ఆఫీసు ముద్రతో ఒక కాగితం పుడితే, ఆ రసీదు మీద వచ్చిన సీటు, ఆ సీటు మీద వచ్చిన రేఖ ఉద్యోగం తెల్లారి నిలబడవు. కాగితం రాయకుండా ఊరుకుంటే ఉద్యోగం ఉంటుంది, ఇల్లు పోతుంది. ఏ వైపు నుంచి చూసినా రేఖ తన చేతిలో ఉంది. జీవితంలో మొదటిసారి.

లోపలి నుంచి ఉమేష్ ముద్ర, సిరా డబ్బా పట్టుకుని వచ్చాడు. "సుజాతా తాయి, ఐదయితుంది. హరకతులు అయిపోయినయా? సిక్కా ఎయ్యాల్నా?"

సాంబన్న సిరా కోసం బొటనవేలు ముందుకు చాచి కూర్చున్నాడు. సుజాత సొరుగు లాగి ఒక ఖాళీ దరఖాస్తు తీసింది.

"ఆగున్రి సార్," అంది. "ఇంకొకటి ఉన్నది."